గుట్ట కదిలే ముందు గుర్తు చెబుతుంది

గనిలోంచి తీసిన బొగ్గు రైలెక్కి వెళ్లిపోతుంది. దాని కోసం తవ్విపోసిన మట్టీ రాయీ మాత్రం అక్కడే ఉండిపోతాయి... కొండంత ఎత్తున! ఆ కొండ నిలబడుతుందా, జారుతుందా? తేల్చి చెప్పడానికో లెక్క ఉంది. ఆ లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి జార్ఖండ్‌లో ఒక గని, వేల్స్‌లో ఒక బడి సాక్ష్యం.

నర్సీపట్నం పక్కనే బలిఘట్టం. వరాహ నది ఉత్తరంగా తిరిగి పారే చోటని దానికి పేరు. అలాంటి ఏటి ఒడ్డున ఒక ట్రాక్టరు ఇసుక ఒంపితే ఏమవుతుంది? ఎంత ఒద్దికగా పోసినా కుప్ప ఒక వాలు దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఇంకో తట్ట పోస్తే నిటారుగా లేవదు. రేణువులు పక్కలకు జారి, కుప్ప వెడల్పవుతుంది. కళ్లంలో ధాన్యం రాశి పోసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వడ్లకు ఒక వాలు, ఇసుకకు ఒక వాలు, కంకరకు ఒక వాలు. పొడి ఇసుకకైతే అది సుమారు 30 నుంచి 35 డిగ్రీలు. పగలగొట్టిన రాయి, అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి, ఇంకాస్త నిటారుగా నిలుస్తుంది. ఇంజినీర్లు దీన్ని సహజ వాలు కోణం అంటారు.

ఇంటి ముందు ఇసుక కుప్ప జారితే పోయేదేమీ లేదు. చీపురుతో ఊడ్చి మళ్లీ పోసుకోవచ్చు. కానీ ఆ కుప్ప ఇరవై, ముప్ఫై అంతస్తుల ఎత్తుంటే? దాని కింద రోడ్డో, ఊరో, రాత్రి షిఫ్టులో పనిచేసే మనుషులో ఉంటే?

బొంద పక్కన గుట్ట

అలాంటి కుప్పల్ని చూడాలంటే గోదావరి లోయకు వెళ్లాలి. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి, కొత్తగూడెం, మణుగూరు... సింగరేణి బొగ్గు గనులున్న ప్రతిచోటా ఇవి కనిపిస్తాయి. ఒకప్పుడు సింగరేణి అంటే భూగర్భ గనులే. తట్టా చెమ్మస్సూ పట్టుకుని కార్మికులు కిందికి దిగేవారు. 1975లో రామగుండంలో మొదటి ఓపెన్‌కాస్ట్ గని వచ్చాక కథ మారింది. బొగ్గు మీదున్న నేలంతా తొలగించి, ఆకాశం కిందే బొగ్గు తవ్వుకునే పద్ధతి ఇది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నుల పైచిలుకు. అందులో సింహభాగం ఓపెన్‌కాస్టులదే.

ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే సగటున ఐదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ తీయాలి. సుమారుగా అర టిప్పరు అనుకోవచ్చు. ఇలా తీసిపోసిన దాన్ని గని భాషలో ఓవర్ బర్డెన్ అంటారు. కార్మికుల నోట అది 'ఓబీ'. తిరిగి ఆ గోతిలోనే పోసేయొచ్చుగా అనిపిస్తుంది. పోస్తారు కూడా. కానీ బొగ్గు తీయడం పూర్తయిన మేరకే పోయగలరు. గని కొత్తగా తెరిచినప్పుడు ఆ జాగా ఉండదు కాబట్టి మొదటి కొన్నేళ్ల మట్టి బయట గుట్టగా లేవాల్సిందే. పైగా గట్టి నేలను తవ్వితే అది ఉబ్బుతుంది. పది బుట్టల గొయ్యి తీస్తే పన్నెండు, పదమూడు బుట్టల మట్టి వస్తుంది. పునాది తవ్వించిన ప్రతి ఇంటివారికీ ఇది అనుభవమే.

తెలంగాణ పల్లెలు ఓపెన్‌కాస్టుల్ని 'బొందలగడ్డలు' అని పిలుచుకున్నాయి. ఆ పేరు వెనకున్న కోపమూ దుఃఖమూ వేరే కథ. ఇవాళ్టి ముచ్చట ఆ బొంద గురించి కాదు, దాని పక్కన లేచిన గుట్ట గురించి.

కూలేది పైనుంచి కాదు

గుట్ట జారిందంటే పైన ఎక్కువ పోశారనే అందరూ అనుకుంటారు. సగం నిజమే అది. చాలా పెద్ద ప్రమాదాల్లో తప్పు పైన లేదు, పాదం దగ్గర ఉంది. గుట్ట ఏ నేల మీద కూర్చుంది? ఆ నేల కింద ఏముంది? ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

నల్లరేగడి నేల మీద నేరుగా రాళ్లు గుమ్మరిస్తే పైన ఎంత చక్కగా పేర్చినా లాభం లేదు. వానకు ఆ రేగడి నానుతుంది, జిగటగా మారుతుంది. ఇక మొత్తం గుట్ట సబ్బు మీద కాలేసినట్టే. అందుకే పై మట్టిని ముందుగా గీకి తీసి, వేరేచోట దాచాలంటారు. రేపు గుట్ట మీద మొక్కలు పెంచడానికి పనికొచ్చేదీ అదే మట్టి. నేల వాలుగా ఉన్నా, కింద ఊట ఉన్నా, గని తవ్విన గోతి అంచుకు గుట్ట మరీ దగ్గరగా ఉన్నా ప్రమాదం పెరుగుతుంది.

రెండో శత్రువు నీరు. కాస్త తడి ఇసుకతో పిల్లలు గుడి కడతారు. అదే ఇసుకలో చెంబెడు నీళ్లు పోస్తే గుడి కరిగిపోతుంది. రేణువుల మధ్య నిండిన నీరు వాటిని ఒకదాన్నుంచి ఒకటి తోస్తుంది. అప్పటిదాకా రాపిడితో పట్టుకున్న పట్టు సడలుతుంది. బరువేమో పెరుగుతుంది. పట్టు తగ్గి బరువు పెరిగితే ఇంకేం మిగిలింది? జారడమే.

జార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియాలో జరిగిన దుర్ఘటన పాదం ఎంత ముఖ్యమో చూపించింది. అక్కడిది ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థకు చెందిన రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ గని. 2016 డిసెంబరు 29 రాత్రి ఓబీ గుట్ట ఉన్న ప్రాంతం ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పున నేల దాదాపు 35 మీటర్లు జారిందని సంస్థే ప్రకటించింది. కింద పనిచేస్తున్న మనుషులు, యంత్రాలు మట్టిలో కూరుకుపోయారు. 23 మంది ప్రాణాలు పోయాయి. గుట్ట కింది నేలలో బయటికి కనిపించని ఒక పగులు వెంట జారుడు మొదలై ఉండొచ్చన్నది తొలి అంచనా. పగుళ్లు ముందే కనిపించాయని కార్మికులు చెప్పినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి.

కంటికి కనిపించని పగులు కొంపముంచిన చోటు అది. ఊరంతటికీ తెలిసిన ఊట కొంపముంచిన చోటు ఇంకొకటుంది.

అబెర్‌ఫాన్ బడి

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అబెర్‌ఫాన్ ఒక చిన్న గని ఊరు. గనిలోంచి వచ్చే రాతి చెత్తను ఊరి పైనున్న కొండవాలు మీద పోసేవారు. అలా ఏడు గుట్టలయ్యాయి. ఏడో గుట్ట 1958లో మొదలైంది. దాన్ని పోసింది నీటి ఊట మీద. ఆ ఊట అక్కడుందని పటాలు చూస్తే తెలిసేది, ఊరివాళ్లను అడిగినా తెలిసేది. ఆ గుట్ట వల్ల బడికి ముప్పుందని స్థానిక కౌన్సిల్ ఇంజినీరు 1963లోనే లేఖ రాశాడు.

1966 అక్టోబరు 21 ఉదయం గుట్ట మీదికి పనికి వెళ్లినవాళ్లు దాని శిఖరం కుంగిపోయి ఉండడం చూశారు. వాళ్లలో ఒకరు కబురు చెప్పడానికి కిందికి దిగి వెళ్లారు. అక్కడ పోయడం ఆపేయమని మాట వచ్చింది. కానీ ఊరికి ఎవరూ చెప్పలేదు. ఉదయం 9.15 గంటలకు గుట్ట జారింది. నానిన రాతిముద్ద నదిలా పారుతూ కింద ఉన్న పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. పిల్లలు అప్పుడే తరగతుల్లో కూర్చున్నారు. మొత్తం 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు.

విచారణ 76 రోజులు సాగింది. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని ట్రిబ్యునల్ తేల్చింది. అప్పటిదాకా ఆ దేశంలో గని గుట్టల భద్రతకు ప్రత్యేకంగా చట్టమే లేదు. 1969లో వచ్చింది. ఇంకో సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. మిగిలిన గుట్టల్ని తొలగించడానికి బాధితుల కోసం జనం ఇచ్చిన విరాళాల నిధి నుంచే లక్షా 50 వేల పౌండ్లు తీసుకున్నారు! ఆ సొమ్ము తిరిగి ఇచ్చింది 1997లో.

అబెర్‌ఫాన్ తర్వాత 54 ఏళ్లకు, 2020 జులై 2న, మయన్మార్‌లోని హ్పకాంత్ పచ్చరాళ్ల గనుల్లో భారీ వర్షాలకు వ్యర్థాల గుట్ట నీళ్లు నిండిన గోతిలోకి కూలింది. లేచిన బురద అలలో 170 మందికి పైగా కొట్టుకుపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆ వ్యర్థాల్లో రాళ్లు ఏరుకుని బతికేవాళ్లే. దేశాలు మారాయి, కాలం మారింది. నీరు చేసే పని మారలేదు.

నూటికి ఎన్ని మార్కులు?

మరి ఒక గుట్ట నిలుస్తుందో లేదో ముందే ఎలా చెబుతారు? మొదట నేలలోకి బోర్లు వేసి కింద ఏ పొర ఉందో చూస్తారు. మట్టి నమూనాలను ప్రయోగశాలకు తెచ్చి, ఒక పెట్టెలో అదిమి పక్కకు తోస్తారు. ఎంత బలానికి అది తెగి జారిందో కొలుస్తారు. పొడిగా ఒకసారి, నానబెట్టి ఒకసారి. గుట్టలో నీరు ఏ మట్టంలో ఉందో గొట్టాలు దింపి తెలుసుకుంటారు. ఈ అంకెలన్నీ కంప్యూటర్‌కు ఇస్తే ఒకే ఒక్క సంఖ్య వస్తుంది. గుట్టను నిలబెట్టే బలాన్ని, జార్చే బలంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. దాన్ని భద్రతా గుణకం అంటారు.

ఇంటి బడ్జెట్‌తో పోల్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నెల జీతం నిలబెట్టే బలం, నెల ఖర్చు జార్చే బలం. రెండూ సమానమైతే గుణకం 1. నెల గడుస్తుంది కానీ, ఒక్క జ్వరం వస్తే అప్పే. జీతం ఖర్చుకు ఒకటిన్నర రెట్లుంటే గుణకం 1.5. కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. దీర్ఘకాలం ఉండాల్సిన గుట్టలకు ఇంజినీర్లు కోరుకునే మిగులు దాదాపు ఇంతే. వాన అనేది జీతం తగ్గించి ఖర్చు పెంచే రకం. అందుకే ఎండాకాలంలో వేసిన లెక్క శ్రావణ మాసంలో చెల్లదు. నానిన గుట్టకు వేరే లెక్క వేయాలి.

అయితే ఒక్క సంఖ్యను నమ్ముకుని కూర్చుంటే చాలదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొండల మీద పోసిన గని గుట్టలు పదేపదే జారడంతో అక్కడి నిపుణులు గుట్టలకు మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. దాన్ని మెరుగుపరిచి 2017లో ఒక మార్గదర్శక గ్రంథంగా తెచ్చారు. అందులో 22 అంశాలుంటాయి. అక్కడ వాన ఎంత, భూకంపాల భయం ఎంత, పునాది నేల ఎంత వాలు, రాయి గట్టిదా నానితే పొడయ్యేదా, గుట్ట ఎత్తెంత, ఎంత వేగంగా పోస్తున్నారు, ఇప్పటిదాకా అది ఎలా ప్రవర్తించింది... అన్నిటికీ మార్కులే. మొత్తం నూరు. 80 దాటితే ముప్పు చాలా తక్కువ. 20 లోపైతే చాలా ఎక్కువ. పిల్లల ప్రోగ్రెస్ కార్డులాగే ఇక్కడా ఒకసారి వచ్చిన మార్కులు శాశ్వతం కాదు. గుట్ట పెరుగుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ వేయాలి.

చెప్పే జారుతుంది

నిపుణులంతా ఒప్పుకునే మంచి మాట ఒకటుంది. పెద్ద గుట్ట సాధారణంగా చెప్పాపెట్టకుండా జారదు. ముందు నెమ్మదిగా కదులుతుంది. శిఖరం మీద అంచుకు సమాంతరంగా బీటలు వస్తాయి. పాదం దగ్గర నేల ఉబ్బుతుంది. ఊట ఎక్కువవుతుంది, లేదా అప్పటిదాకా తేటగా వచ్చిన నీరు బురదగా మారుతుంది. రోజుకు మిల్లీమీటర్లలో ఉండే కదలిక సెంటీమీటర్లలోకి వస్తుంది. ఆ వేగం పెరిగే తీరును బట్టి ఎప్పుడు జారుతుందో లెక్కగట్టే పద్ధతిని జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో 1985లో చూపించాడు. ఇప్పటికీ గనుల్లో అది వాడుకలో ఉంది.

మిల్లీమీటరులో కొంత భాగం మేర కదిలినా పట్టేసే రాడార్లు వచ్చాయి. వర్షంలోనూ, చీకట్లోనూ ఎదుటి వాలును కళ్లార్పకుండా చూస్తాయి. సింగరేణిలోనూ పెద్ద ఓపెన్‌కాస్టులకు ఇలాంటివి తెచ్చారు. వీటి విలువ అమెరికాలోని బింగ్‌హామ్ కాన్యన్ రాగి గనిలో తెలిసింది. 2013 ఏప్రిల్ 10 రాత్రి అక్కడ సుమారు 14.5 కోట్ల టన్నుల రాయి కూలింది. అది గుట్ట కాదు, గని గోడ. కానీ పాఠం ఒకటే. వాలు కదులుతోందని పరికరాలు ముందే చెప్పాయి. చెప్పగానే యాజమాన్యం మనుషుల్ని బయటికి పంపేసింది. భారీ ట్రక్కులు రాళ్ల కింద పడ్డాయి. మనిషి ఒక్కరికి కూడా గాయం కాలేదు.

బింగ్‌హామ్‌లో రాడార్ చెప్పింది, విన్నారు. అబెర్‌ఫాన్‌లో కుంగిన శిఖరం చెప్పింది, కబురు ఊరికి చేరలేదు. తేడా యంత్రంలో కన్నా వినడంలో ఎక్కువుంది.

రాసి ఉన్న మాట

మన దేశంలో రాత లేకపోలేదు. 2017లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గుట్ట వాలు ఎట్టి పరిస్థితుల్లోనూ 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు మించితే మెట్లు మెట్లుగా పోయాలి. ఏ మెట్టూ 30 మీటర్లు మించరాదు. మొత్తం మీద ఒక మీటరు ఎత్తుకు కనీసం మీటరున్నర అడుగు ఉండాలి. పర్యావరణ అనుమతుల్లో ఇంకా కచ్చితంగా 28 డిగ్రీల షరతు తరచూ కనిపిస్తుంది. గుట్ట చుట్టూ నీరు పోయే కాలువ, పాదం దగ్గర రాతి కట్ట, పైన గడ్డీ మొక్కలూ ఉండాలన్నది మామూలుగా పెట్టే షరతే. బొగ్గు కాని ఖనిజాల గనులకు 1961 నాటి నిబంధనలు వేరే ఉన్నాయి. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది.

మెట్లు ఎందుకంటే, జారిన రాయి ఒక మెట్టు మీద ఆగుతుంది. వాననీరు ఒకే ఊపున కిందికి దూకదు. వాలు తగ్గిస్తే గుట్టకు ఎక్కువ నేల కావాలి. నేలంటే డబ్బు, సేకరణ, ఆలస్యం. గుట్టను ఎత్తుగా, నిటారుగా పోయాలన్న తొందర పుట్టేది ఇక్కడే. భద్రత లెక్క, ఖర్చు లెక్క కొట్టుకునేదీ ఇక్కడే. ఆ తగవులో గుట్ట కింద ఉన్నవారి తరఫున మాట్లాడేది నిబంధనే. అది కాగితం మీదుంటే చాలదు, టిప్పరు డ్రైవరు దాకా చేరాలి.

మన కొండల మాటేమిటి?

నర్సీపట్నం చుట్టుపక్కల బొగ్గు లేదు. సింగరేణి అంత గుట్టలూ లేవు. కానీ అనకాపల్లి జిల్లాలో రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. నాతవరం మండలంలో లేటరైట్ తవ్వకాల గురించి 2021లో పెద్ద చర్చే నడిచింది. ఇలాంటి చోట్ల గుట్ట చిన్నదైనా అది కూర్చునేది కొండవాలు మీద. కింద గెడ్డ పారుతుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఒక్క రాత్రిలో కుంభవృష్టి. వాలు నేల, నీటిదారి, భారీ వాన... మార్కుల పట్టికలో మార్కులు తగ్గించేవి ఈ మూడే. పెద్ద గనికి సర్వేయరుంటాడు, రాడారుంటుంది. చిన్న క్వారీకి కాపలా కళ్లు ఊరివాళ్లవే. వాగుకు అడ్డంగా రాతిపొడి పోస్తున్నారా, గుట్ట అంచున గుడిసెలు వేశారా అన్నది అందరికన్నా ముందు కనిపించేది వారికే.

అందుకే గుట్టల లెక్క ఇంజినీర్లకే వదిలేసేది కాదు. ఊట ఎక్కడుందో ఊరికి తెలుసు. బీట ఎప్పుడు వచ్చిందో షిఫ్టులో ఉన్న కార్మికుడికి తెలుసు. ఆ ఇద్దరి మాటా విని, 'ఇవాళ పని ఆపండి' అని చెప్పగలిగే అధికారం ఒకరికి ఉండాలి. చెప్పినందుకు ఎవరూ అతణ్ని తప్పుపట్టకూడదు. ఆగిపోయిన షిఫ్టు నష్టం రేపు పూడుతుంది. ఆగని షిఫ్టు నష్టం ఎన్నటికీ పూడదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

• గుట్ట పైన అంచుకు సమాంతరంగా కొత్త బీటలు, లేదా ఉన్న బీటలు రోజురోజుకూ వెడల్పవడం.

• పాదం దగ్గర నేల ఉబ్బడం, కాలువ గోడ లేదా కంచె స్తంభాలు ఒరగడం.

• గుట్ట అడుగు నుంచి కొత్తగా ఊట రావడం, తేట నీరు బురదగా మారడం.

• వాలు మీద చెట్లు ఒకే వైపు వంగడం, గాలీవానా లేకుండానే రాళ్లు దొర్లడం.

• ఏదైనా కనిపిస్తే ముందు కింద నుంచి జనాన్ని, పశువుల్ని తప్పించాలి. వెంటనే గని మేనేజరుకు, తహసీల్దారుకు చెప్పాలి. ఫోను మీద చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసివ్వాలి. బీట ఫొటో తేదీతో సహా తీసి ఉంచాలి.

• పిల్లలు గుట్టల మీద ఆడకుండా, గుట్ట పాదం దగ్గర ఎవరూ మట్టి తవ్వుకోకుండా చూడాలి. పాదం తవ్వితే గుట్ట కాలు తీసేసినట్టే.